కన్సోల్ అంటే ఇప్పుడు తాళం వేసిన పీసీయేనా?

స్ప్రైట్_64 (ప్రశ్న)

పీఎస్5 లోపల ఉన్నది ఏఎండీ జెన్ 2 సీపీయూ, ఆర్‌డీఎన్‌ఏ 2 రకం గ్రాఫిక్స్. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ లోపలా అదే. రెండూ పీసీ భాగాలుగా విడిగా దొరికే సరుకే. డిస్క్ పెట్టినా ముందు ఇన్‌స్టాల్, ఆపైన ప్యాచ్, ఆ తర్వాతే ఆట. మెనూలోకి వెళ్తే 'క్వాలిటీ', 'పెర్ఫార్మెన్స్' అంటూ పీసీలాగే మోడ్లు. కన్సోల్‌కే సొంతం అనుకున్న గేములు కొన్నాళ్లకి పీసీకి వచ్చేస్తున్నాయి. ఎక్స్‌బాక్స్ వాళ్ల గేములు కొన్ని 2024 నుంచి పీఎస్5లోనూ ఆడుకోవచ్చు.

ఇంత జరిగాక కన్సోల్‌కీ కంప్యూటర్‌కీ ఇంజినీరింగ్ పరంగా మిగిలిన తేడా ఏంటి? అదే స్థాయి భాగాలతో పీసీ కడితే అదే ఫలితం వస్తుందా, రాదా? కన్సోళ్ల మీద మోజు తగ్గిందంటున్నారు కదా, అది పెద్దయ్యాక అందరికీ కలిగే బెంగేనా, లేక యంత్రంలోనే ఏదైనా పోయిందా?

'కన్సోల్ అంటే సోఫా, పీసీ అంటే కుర్చీ' రకం జవాబులు వద్దండీ. లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

బస్‌విడ్త్

చిప్పుల వంశం ఒకటే, వాటిని కూర్చిన తీరు వేరు. ముఖ్యమైన తేడా మెమరీలో ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

పీసీలో మెమరీ రెండు చోట్ల ఉంటుంది. సీపీయూకి డీడీఆర్4 లేదా డీడీఆర్5, గ్రాఫిక్స్ కార్డు మీద దాని సొంత జీడీడీఆర్. మధ్యలో పీసీఐఈ దారి. ఒక టెక్స్చర్ (ఆటలోని వస్తువుల మీద అతికించే బొమ్మ) ఎస్ఎస్‌డీ నుంచి బయల్దేరితే మామూలుగా ముందు ర్యామ్‌లోకి వస్తుంది, సీపీయూ దాని కంప్రెషన్ విప్పుతుంది, ఆ తర్వాత పీసీఐఈ మీదుగా కార్డులోకి కాపీ అవుతుంది. పీసీఐఈ 4.0 పదహారు లేన్లకి ఒక దిశలో సెకనుకు సుమారు 32 జీబీ, అదీ కాగితం మీద.

పీఎస్5లో ఉన్నది ఒకే 16 జీబీ జీడీడీఆర్6. సీపీయూ, జీపీయూ రెండూ అందులోంచే చదువుతాయి, వేగం సెకనుకు 448 జీబీ. సీపీయూ తయారుచేసిన డేటాను జీపీయూకి అందించడానికి కాపీ అక్కర్లేదు, ఎక్కడుందో అడ్రసు చెబితే చాలు. సిరీస్ ఎక్స్‌లో ఇందులోనే ఒక మెలిక ఉంది. 16 జీబీలో 10 జీబీకి సెకనుకు 560 జీబీ వేగం, మిగతా 6 జీబీకి 336 మాత్రమే. గేములకి దక్కేది 13.5 జీబీ. జీపీయూ తరచూ చూసేవన్నీ వేగంగా ఉండే 10 జీబీలో సర్దుకోవడం డెవలపర్ల పని. సిరీస్ ఎస్‌లో మొత్తం 10 జీబీయే, అందులో 8 జీబీకి 224, చివరి 2 జీబీకి 56. స్టూడియోలు ఆ చిన్న పెట్టె గురించి విసుక్కునేది టెరాఫ్లాప్‌ల (జీపీయూ లెక్కల వేగం) మీద కాదు, ఈ మెమరీ మీదే.

దీనికి కట్టే మూల్యమూ ఉంది. జీడీడీఆర్ లారీ లాంటిది: ఒక్క ట్రిప్పులో బోలెడు సరుకు మోస్తుంది, కానీ ఒక్క అగ్గిపెట్టె కావాలన్నా లారీయే కదలాలి. జీపీయూ పని పెద్ద పెద్ద ముక్కలతో కాబట్టి దానికి హాయి. సీపీయూ అక్కడక్కడా చెదిరివున్న చిన్న చిన్న డేటా అడుగుతుంది, ప్రతిసారీ ఆగుతుంది. పైగా కన్సోల్ చిప్పుల్లో ఎల్3 క్యాష్‌ని (సీపీయూ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) కోసేశారు. డెస్క్‌టాప్ రైజెన్ 7 3700ఎక్స్‌లో 32 ఎంబీ ఉంటే ఇక్కడ 8 ఎంబీ. అందుకే పేరు జెన్ 2 అయినా, జనం కిక్కిరిసిన నగరాల్లో, భారీ ఫిజిక్స్ ఉన్నచోట కన్సోల్ 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) పట్టలేక జారుతుంది. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేమ్‌రేటు పెరగలేదంటే అక్కడ ఆగిపోయింది జీపీయూ కాదు, సీపీయూ అని అర్థం.

'అదే స్థాయి పీసీ' గురించి. పీఎస్5 జీపీయూలో 36 కంప్యూట్ యూనిట్లు, గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్జ్. దానికి దగ్గరి చుట్టం రేడియాన్ ఆర్ఎక్స్ 6700 (ఎక్స్‌టీ కాదు): అవే 36 యూనిట్లు. కానీ కార్డుకి సొంతంగా 10 జీబీ, సెకనుకు 320 జీబీ వేగం, లోపల 80 ఎంబీ ఇన్ఫినిటీ క్యాష్. కన్సోల్‌లో ఆ క్యాష్ లేదు, మెమరీ వేగాన్ని సీపీయూతో పంచుకోవాలి కూడా. ఈ కార్డుని 3700ఎక్స్‌తో కలిపితే చాలా గేముల్లో పీఎస్5కి అటూఇటూగా వస్తుంది. ఎక్కడ వెనకబడుతుందంటే రెండుచోట్ల: డేటా లోడింగ్ భారీగా ఉన్న గేముల్లో, సరిగ్గా పోర్ట్ చేయని గేముల్లో.

లోడింగ్ సంగతి. పీఎస్5 ఎస్ఎస్‌డీ ముడి వేగం సెకనుకు 5.5 జీబీ. క్రాకెన్ అనే కంప్రెషన్ విప్పడానికి చిప్పులోనే ప్రత్యేక హార్డ్‌వేర్ ఉంది, విప్పాక మామూలుగా 8 నుంచి 9 జీబీ అందుతుంది. అదే పని సీపీయూకి అప్పజెబితే తొమ్మిది జెన్ 2 కోర్లు కావాలని సోనీ 2020లోనే చెప్పింది. పీసీలో ఇలాంటి పని కోసం మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌స్టోరేజ్ 2022లో వచ్చింది, అదే ఏడాది చివరికి జీపీయూతో విప్పే వసతీ చేరింది. అయితే బొమ్మ గీయాల్సిన జీపీయూయే మూట కూడా విప్పాలి కాబట్టి ఫ్రేమ్ సమయంలోంచే కోత పడుతుంది. వాడుకున్న గేములూ కొద్దిగానే ఉన్నాయి.

ఇంకోటి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పీఎస్5 క్లాక్ వేగం గది వేడిని బట్టి మారదు, చేస్తున్న పనిని బట్టి మారుతుంది. ఒకే సన్నివేశానికి ప్రపంచంలోని ప్రతి పీఎస్5 ఒకేలా స్పందించాలని అలా డిజైన్ చేశారు. పీసీలో అదే మోడల్ కార్డు రెండు కేబినెట్లలో రెండు వేగాలతో నడుస్తుంది.

షేడర్_గూడు

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ, ఆడేవాడి కంటికి కనిపించే తేడా మెమరీది కాదండీ, షేడర్ కంపైలేషన్‌ది (షేడర్ అంటే తెరమీది రంగు, వెలుగు లెక్కించే చిన్న ప్రోగ్రామ్; దాన్ని జీపీయూకి అర్థమయ్యే కోడ్‌గా మార్చడమే కంపైలేషన్). పీసీ ఇప్పటికీ కన్సోల్‌ని అందుకోని చోటు ఇదే.

కన్సోల్‌లో జీపీయూ ఏదో ముందే తెలుసు. కాబట్టి షేడర్లను స్టూడియోలోనే చివరి మెషీన్ కోడ్ దాకా కంపైల్ చేసి గేముతోపాటు పంపేస్తారు. పీసీలో ఏ కార్డు ఉంటుందో, ఏ డ్రైవర్ ఉంటుందో తెలియదు. అందుకని డీఎక్స్ఐఎల్ లేదా స్పిర్-వీ అనే మధ్యస్థ రూపంలో పంపుతారు. దాన్ని మీ కార్డుకి సరిపడే కోడ్‌గా మార్చేది మీ మెషీన్‌లోని డ్రైవర్.

డైరెక్ట్ఎక్స్ 12, వల్కన్‌లలో (గేము జీపీయూకి పని చెప్పే వ్యవస్థలు) ఒక్క షేడర్‌ని మారిస్తే సరిపోదు. షేడర్లు, బ్లెండింగ్, వెర్టెక్స్ ఫార్మాట్, రెండర్ టార్గెట్ ఫార్మాట్ అన్నీ కలిపి ఒక పైప్‌లైన్ ఆబ్జెక్ట్ తయారవ్వాలి. వీటిలో ఏ ఒక్కటి మారినా అది కొత్త పైప్‌లైనే. పెద్ద గేములో ఇవి వేలల్లో ఉంటాయి. బొమ్మ గీయడానికి ముందే తయారై ఉంటే సమస్య లేదు. ఆ క్షణంలో తయారు చేయాల్సి వస్తే పదుల మిల్లీసెకన్లు, ఒక్కోసారి వందల్లో కూడా పోతాయి. 60 ఎఫ్‌పీఎస్‌కి ఒక ఫ్రేముకి ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లే. మొదటి పేలుడు దగ్గర ఆట గతుక్కుమనేది అందుకే.

కుదుపు కనిపించగానే అన్నిటికీ షేడర్లనే తిట్టకండి. తేల్చుకునే పద్ధతి ఇది. అదే చోటికి, గేము మూసేయకుండా, రెండోసారి వెళ్లండి. రెండోసారి కుదుపు లేకపోతే షేడర్ కంపైలేషన్. ప్రతిసారీ అదే గుమ్మం దగ్గర, అదే మలుపు దగ్గర వస్తుంటే అది ట్రావర్సల్ స్టటర్, అంటే కొత్త ప్రాంతాన్ని లోడ్ చేసే కోడ్ మెయిన్ థ్రెడ్‌ని ఆపుతోంది. అది కన్సోల్‌లోనూ వస్తుంది, మీ చేతిలో మందు లేదు. ఆడేకొద్దీ పెరుగుతూ పోయి, టెక్స్చర్లు ఒక మెట్టు తగ్గించి గేము మళ్లీ తెరిస్తే పోయిందంటే వీఆర్ఏఎమ్ (గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ) నిండి సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగుతోందన్నమాట.

చేయాల్సినవి: 'షేడర్లు సిద్ధమవుతున్నాయి' అన్న తెర వస్తే ఓపిగ్గా పూర్తి కానివ్వండి, దాటవేసి లోపలికి వెళ్తే ఆ బాకీ ఆటలో కట్టాల్సి వస్తుంది. డ్రైవర్ మారినా, కార్డు మారినా, గేముకి పెద్ద ప్యాచ్ పడినా పాత క్యాష్ చెల్లదు. కాబట్టి డ్రైవర్ అప్‌డేట్ చేసిన వెంటనే ర్యాంక్డ్ మ్యాచ్‌లోకి దూకకండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజుని 10 జీబీకి పెంచండి. ఎస్ఎస్‌డీలో చోటు కోసం టెంపరరీ ఫైళ్లు ఊడ్చే టూల్స్ వాడితే ఆ క్యాష్‌ని వదిలేయమని టిక్ తీసేయండి.

2023 మార్చిలో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' పీసీకి వచ్చినప్పుడు రెండు జబ్బులూ ఒకేసారి బయటపడ్డాయి: షేడర్లు తయారవడానికి చాలాసేపు, 8 జీబీ కార్డుల్లో మసక టెక్స్చర్లు. తర్వాత ప్యాచులతో సర్దారు. ఒకే ఉమ్మడి మెమరీలో డజను జీబీ దాకా వాడుకునేలా రాసిన గేముని 8 జీబీ కార్డులోకి కుక్కితే మొదటిరోజు అలాగే ఉంటుంది.

తమాషా ఏంటంటే ఇప్పుడు పీసీ వాళ్లే కన్సోల్ పద్ధతికి వస్తున్నారు. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో హార్డ్‌వేర్ ఒకటే కాబట్టి వాల్వ్ ముందే కంపైల్ చేసిన షేడర్లు పంపిస్తుంది. 2025లో మైక్రోసాఫ్ట్ కూడా రాగ్ ఎక్స్‌బాక్స్ ఆలై చేతి యంత్రాలతో అలాంటి ఏర్పాటే మొదలుపెట్టింది. పెట్టె ఖాయంగా ఒకటే అని తెలియడంలో ఉన్న లాభం అది.

స్కాన్‌లైన్_240

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. అది బెంగ కాదు. యంత్రంలోంచి నిజంగానే ఒకటి పోయింది, దాన్ని కొలవచ్చు కూడా.

పాత కన్సోల్ పీసీకి చిన్న రూపం కాదు, పీసీ చేయలేనిది చేసే యంత్రం. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్‌లో తెరని జరిపే పని హార్డ్‌వేర్‌దే. 64 స్ప్రైట్లు (తెరమీద కదిలే చిన్న బొమ్మలు), ఒక స్కాన్‌లైన్ (తెరమీది ఒక అడ్డగీత) మీద ఎనిమిది. తొమ్మిదోది వస్తే అది కనిపించదు, అందుకని గేములు వంతులవారీగా చూపించేవి. ఆ మినుకుమినుకు అక్కణ్నించి వచ్చిందే. ప్రధాన ర్యామ్ 2 కేబీ. అదే పనిని ఐబీఎం పీసీ మీద ఈజీఏ గ్రాఫిక్స్ కార్డుతో నున్నగా చేసి చూపిస్తే 1990లో కూడా అది విశేషమే; 'కమాండర్ కీన్'కి పేరొచ్చింది అందుకే.

సూపర్ నింటెండోకి మూడో డైమెన్షన్ చేతకాకపోతే 1993లో 'స్టార్ ఫాక్స్' కార్ట్రిడ్జ్‌లోనే సూపర్ ఎఫ్ఎక్స్ చిప్ పెట్టి అమ్మారు. 1994 నాటి ప్లేస్టేషన్‌లో జెడ్-బఫర్ (ఏది ముందు, ఏది వెనక అని గుర్తుంచుకునే మెమరీ) లేదు, టెక్స్చర్లకి పెర్‌స్పెక్టివ్ (దూరాన్ని బట్టి చేసే) దిద్దుబాటు లేదు, లెక్కలు పూర్ణాంకాల్లో. గోడలు వంకర్లు పోవడం, అంచులు వణకడం దాని ఫలితం. 1996 నాటి నింటెండో 64లో ఈ రెండు లోపాలూ లేవు కానీ టెక్స్చర్ మెమరీ 4 కేబీ మాత్రమే. అందుకే అక్కడ అన్నీ పులిమినట్టుంటాయి. ఒక్క స్క్రీన్‌షాట్ చూపిస్తే ఏ యంత్రమో చెప్పగలిగేవారు. ఇవాళ పీఎస్5, సిరీస్ ఎక్స్, పీసీ బొమ్మలు పక్కపక్కన పెట్టి 400 శాతం జూమ్ చేస్తే తప్ప చెప్పలేరు.

ఆ విలక్షణత ఉచితంగా రాలేదు. పీఎస్3 సెల్ చిప్‌లో ఒక మామూలు కోరు, దానికి తోడుగా గేములకి ఆరు ఎస్‌పీఈలు (చిన్న సహాయక కోర్లు). ఒక్కో ఎస్‌పీఈకి 256 కేబీ సొంత మెమరీ. కోడ్, డేటా రెండూ అందులోనే పట్టాలి, బయటినుంచి ప్రతి బైటూ డీఎంఏ అనే కాపీ యంత్రాంగంతో తెప్పించుకోవాలి. సోనీ సొంత స్టూడియోలు దాన్ని పిండి వాడాయి. రెండు కన్సోళ్లకీ ఒకేసారి గేము చేసేవాళ్లు ఏళ్లపాటు కష్టపడ్డారు, చాలా గేములు ఎక్స్‌బాక్స్ 360 మీదే మెరుగ్గా నడిచాయి. పీసీ దారి నిజానికి 2001లోనే మొదలైంది. మొదటి ఎక్స్‌బాక్స్‌లో పెంటియమ్ 3 జాతి 733 మెగాహెర్ట్జ్ చిప్, ఎన్‌విడియా గ్రాఫిక్స్, 64 ఎంబీ ఉమ్మడి మెమరీ, 8 జీబీ హార్డ్‌డిస్క్. 2013లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ ఎక్స్86కి (పీసీ చిప్పుల రకానికి) మారడంతో ఆ కథ ముగిసింది. అదే నిర్ణయం వల్ల పీఎస్4 గేములు దాదాపు అన్నీ పీఎస్5లో నడుస్తున్నాయి కాబట్టి దాన్ని పూర్తిగా తప్పుపట్టలేను.

ఇన్‌స్టాల్ మీద అందరూ విసుక్కుంటారు, కారణం మాత్రం లెక్కే. పీఎస్2 డీవీడీ నాలుగు రెట్ల వేగంతో సెకనుకు 5.3 ఎంబీ చదివేది, ప్రధాన మెమరీ 32 ఎంబీ. అంటే మొత్తం మెమరీ నింపడానికి ఆరు సెకన్లు. పీఎస్4లో గేముకి దక్కే సుమారు 5 జీబీని 27 ఎంబీ వేగం ఉన్న బ్లూ-రే నుంచి నింపాలంటే మూడు నిమిషాలు. హార్డ్‌డిస్క్ 100 ఎంబీ ఇస్తుందనుకుంటే 50 సెకన్లు. మెమరీ పెరిగినంతగా డిస్క్ వేగం పెరగలేదు. అందుకే అప్పటినుంచి డిస్క్ పని తాళంచెవిగా ఉండటమే, ఆట నడిచేది లోపలి స్టోరేజ్ నుంచి. పీఎస్5లో మొత్తం 16 జీబీ మెమరీ రెండు మూడు సెకన్లలో నిండుతుంది. ఆ లెక్కన చూస్తే లోడింగ్ విషయంలో మనం పీఎస్2 కన్నా ముందుకొచ్చాం, 'పెట్టగానే ఆట' విషయంలో వెనక్కి పోయాం.

నాకు అసలు అభ్యంతరం ఆ తాళంచెవి కూడా చేతిలోంచి జారిపోతుండటం. 2023 చివర్లో వచ్చిన సన్న పీఎస్5కి విడిగా తగిలించే డిస్క్ డ్రైవ్‌ని మొదటిసారి జతచేయడానికి ఇంటర్నెట్ ఉండాలి. పీఎస్5 ప్రోకి పెట్టెలో డ్రైవే లేదు. స్విచ్ 2లో 'గేమ్-కీ కార్డ్' కొంటే కార్డులో గేము ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే హక్కు మాత్రమే ఉంటుంది. 3డీఎస్, వీ యూ స్టోర్లలో అమ్మకాలు 2023 మార్చి 27న, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న ఆగిపోయాయి. పీఎస్4లోనైతే లోపలి గడియారం బ్యాటరీ చచ్చి, సర్వర్ కూడా అందకపోతే డిస్క్ గేములు సైతం తెరుచుకోని స్థితి ఉండేది, 2021లో 9.00 ఫర్మ్‌వేర్‌తో అది సరిచేశారు. దీనికి ముందు వెర్షన్‌తో అటకెక్కించిన పీఎస్4 ఉంటే, సర్వర్లు బతికుండగానే అప్‌డేట్ చేసి పెట్టుకోవడం మంచిది.

ధర సంగతి ఒక్క మాట. పీఎస్2 కాలంలో సీపీయూ, జీపీయూ రెండు చిప్పులు తర్వాతి మోడళ్లలో ఒకే చిప్ అయ్యాయి, ఖర్చు తగ్గింది, అమ్మకం ధరా దిగింది. ఇప్పుడు చిప్ 7 నుంచి 6 నానోమీటర్లకి కుదించినా ఖర్చు ఆ స్థాయిలో తగ్గడం లేదు. పీఎస్5, సిరీస్ ఎక్స్ రెండూ వచ్చి ఏళ్లు గడిచాక 2025లో ధర పెంచుకున్నాయి. ఆగితే చవకవుతుందన్న నమ్మకం కన్సోల్ ఆకర్షణలో సగం. అదిక లేదు.

నిద్రమోడ్

స్కాన్‌లైన్ గారూ, చరిత్ర బాగుంది, కానీ తీర్పు ఒకవైపే మొగ్గింది. కన్సోల్ ఆకర్షణ ఇప్పుడు చిప్పులో లేదు, పవర్ బటన్‌లో ఉంది.

కంట్రోలర్ బటన్ నొక్కితే హెచ్‌డీఎంఐ-సీఈసీ (కేబుల్ మీదుగా టీవీకి ఆదేశాలిచ్చే వసతి) ద్వారా టీవీ లేస్తుంది, ఇన్‌పుట్ మారుతుంది, ఏఎల్ఎల్ఎమ్ (ఆట మొదలవగానే ఆలస్యం తగ్గించే వసతి) ఉన్న టీవీ దానంతటదే గేమ్ మోడ్‌లోకి పోతుంది, ఆట ఆపినచోటే ఉంటుంది. ఎక్స్‌బాక్స్ క్విక్ రెజ్యూమ్ అయితే గేము మెమరీ మొత్తాన్ని ఎస్ఎస్‌డీకి రాసేస్తుంది కాబట్టి ప్లగ్ పీకేసినా పోదు. విండోస్ పీసీని స్లీప్‌లో పెట్టి గేము మధ్యలో లేపితే డ్రైవర్ రీసెట్ అవ్వొచ్చు, ఆడియో వేరే పరికరానికి పోవచ్చు, గేము క్రాష్ కావొచ్చు. గ్యారంటీ లేదు, ఎందుకంటే దాన్ని పరీక్షించి తీరాలన్న నియమం ఎవరికీ లేదు. కన్సోల్ గేము సర్టిఫికేషన్‌లో అది పాసవ్వాలి.

క్విక్ రెజ్యూమ్‌కీ ఒక ఇబ్బంది ఉంది. ఆన్‌లైన్ గేములకి సర్వర్‌తో కనెక్షన్ తెగిపోయి ఉంటుంది, కొన్ని గేములు అది గుర్తించక లాగిన్ దగ్గర తిరుగుతుంటాయి. గైడ్ మెనూలో గేము మీద మెనూ బటన్ నొక్కి 'క్విట్' చేసి మళ్లీ తెరవండి, అంతే.

చీటింగ్ సంగతీ మర్చిపోవద్దు. పీసీలో పోటీ షూటర్లు కెర్నల్ స్థాయి (ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో నడిచే) యాంటీ-చీట్ అడుగుతున్నాయి, 2025 నాటి 'బ్యాటిల్‌ఫీల్డ్ 6' సెక్యూర్ బూట్ (పీసీ ఆన్ అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలుదేనా అని చూసే తనిఖీ) లేకుండా తెరుచుకోదు. అలాంటివి లినక్స్ మీద నడవవు. కన్సోల్‌కి వేసిన తాళం మనల్ని ఎంత విసిగించినా, అటువైపు వాడినీ కట్టేస్తుంది.

స్ప్రైట్_64

అందరికీ థాంక్సండీ. చివరిగా ఒక ఆచరణ ప్రశ్న. పీఎస్5 825 జీబీ నిండిపోయింది. స్టోరేజ్ పెంచి కొనసాగడమా, టీవీకి తగిలించే పీసీ కట్టడమా? పీసీ కడితే టీవీతో ఏం తలనొప్పులుంటాయి?

స్క్రూడ్రైవర్_1

ముందు స్టోరేజ్. అరగంట పని.

ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పీసీఐఈ 4.0 నాలుగు లేన్లది కావాలి. 250 జీబీ నుంచి 8 టీబీ దాకా పనిచేస్తుంది. సోనీ సిఫార్సు చేసే చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ. జెన్ 3 డ్రైవ్ తీసుకోదు. హీట్‌సింక్ తప్పనిసరి, కొలత జాగ్రత్త: మొత్తం ఎత్తు 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. అందులో బోర్డుకి పైన 8, కింద 2.45. వెడల్పు 25. మదర్‌బోర్డుల కోసం చేసిన లావు హీట్‌సింక్ కొంటే స్లాట్ మూత మూసుకోదు.

రెస్ట్ మోడ్ కాదు, పూర్తిగా ఆఫ్ చేయండి. తీగలన్నీ పీకి కాసేపు చల్లారనివ్వండి. బల్లమీద బట్ట పరిచి అడ్డంగా పడుకోబెట్టి ఫ్యాన్ కనిపించే వైపు ప్లాస్టిక్ కవర్ తీయండి. పొడవాటి లోహపు మూతకి ఒక స్క్రూ, ఫిలిప్స్ నంబర్ 1 డ్రైవర్ సరిపోతుంది. లోపల ఇంకో స్క్రూ, దాని కింద చిన్న స్పేసర్. 2280 (80 మిల్లీమీటర్ల పొడవు) డ్రైవ్ అయితే స్పేసర్‌ని 80 అని రాసిన గుంటలోకి మార్చండి. చాలామంది స్పేసర్ మర్చిపోయి బిగిస్తారు, అప్పుడు బోర్డు వంగుతుంది. డ్రైవ్‌ని ఏటవాలుగా గట్టిగా లోపలికి తోసి, కిందికి నొక్కి స్క్రూ బిగించండి. స్క్రూ చిన్నది, బలం చూపిస్తే తల అరిగిపోతుంది. మూత, కవర్ పెట్టి ఆన్ చేస్తే ఫార్మాట్ చేయమని అదే అడుగుతుంది. అడగకపోతే డ్రైవ్ పూర్తిగా దిగలేదు, విప్పి మళ్లీ పెట్టండి.

ఎస్ఎస్‌డీ కొనడానికి ముందు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఏదైనా ఉందేమో చూడండి. పీఎస్5 గేములు దానిమీద నడవవు కానీ దాచుకోవచ్చు, మళ్లీ డౌన్‌లోడ్ చేయడం కన్నా వెనక్కి కాపీ చేయడమే త్వరగా అవుతుంది. పీఎస్4 గేములైతే దానిమీదే ఆడుకోవచ్చు. సగం చోటు ఖాళీ అయ్యేది అక్కడే.

ఇక పీసీ. పీఎస్5 స్థాయికి మాత్రమే కడితే అనవసరం, అదే ఆట కోసం మళ్లీ ఖర్చు. కడితే ఒక మెట్టు పైనే కట్టాలి: జెన్ 4 లేదా అంతకన్నా కొత్త ఆరు కోర్ల సీపీయూ, రెండు స్టిక్స్‌గా 32 జీబీ డీడీఆర్5, కనీసం 12 జీబీ వీఆర్ఏఎమ్ ఉన్న కార్డు, 1 టీబీ ఎన్‌వీఎంఈ. అయితే 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరిగాయి కాబట్టి ర్యామ్ ధర చూశాకే మిగతావి కొనండి. మాడ్లు (గేములకి ఆటగాళ్లు చేసే మార్పులు), పాత గేములు, ఆన్‌లైన్‌కి చందా లేకపోవడం, వీటిలో ఏదీ మీకు అక్కర్లేకపోతే ఎస్ఎస్‌డీతో సరిపెట్టుకోండి.

టీవీతో వచ్చే తలనొప్పులు: నలుపు బూడిదగానో, నీడల్లో వివరాలు మింగేసినట్టో ఉంటే ఆర్‌జీబీ రేంజ్ పొంతన కుదరలేదు. టీవీ 16–235 అనుకుంటుంటే కార్డు 0–255 పంపుతోంది, లేదా తారుమారు. రెండుచోట్లా ఒకటే పెట్టండి. అక్షరాల అంచులు రంగులు పులిమినట్టుంటే క్రోమా (రంగు సమాచారం) కోతపడుతోంది. చాలా టీవీల్లో ఆ ఇన్‌పుట్‌కి 'పీసీ' అని పేరు పెడితే 4:4:4, అంటే కోత లేని రంగు, వస్తుంది. 4కే 120 హెర్ట్జ్‌కి 'అల్ట్రా హై స్పీడ్' అని ముద్ర ఉన్న 48 గిగాబిట్ కేబుల్ వాడండి, పాత కేబుల్‌తో తెర మధ్యమధ్యలో ఆరిపోతుంది.

120 హెర్ట్జ్ టీవీ ఉంటే, 60 పట్టని గేములకి 40 ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టి చూడండి. 120ని 40తో భాగిస్తే సరిగ్గా మూడు వస్తుంది కాబట్టి ఫ్రేములు సమానంగా పడతాయి. 30కి ఫ్రేము సమయం 33.3 మిల్లీసెకన్లు, 60కి 16.7. 40కి 25, అంటే సరిగ్గా మధ్యలో. కన్సోల్ గేముల్లో ఈమధ్య కనిపించే 'బ్యాలెన్స్‌డ్' మోడ్ చాలావరకు ఇదే.

షేడర్_గూడు

ఒక చేర్పు. కన్సోల్‌లాంటి అనుభవం కోసం ఆ పీసీలో స్టీమ్‌ఓఎస్ లాంటి లినక్స్ పెట్టాలనుకుంటే, ఏఎండీ కార్డు హెచ్‌డీఎంఐ దగ్గర తడబడుతుంది. ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి ఏఎండీ చేసిన ప్రతిపాదనని హెచ్‌డీఎంఐ ఫోరమ్ 2024లో తిరస్కరించింది. 2.0 వేగంతో 4కే 120 కావాలంటే క్రోమాని 4:2:0కి కోసుకోవాలి, పైన చెప్పిన పులిమిన అక్షరాలు మళ్లీ ప్రత్యక్షం. కార్డు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.1కి మార్చే యాక్టివ్ అడాప్టర్ పెడితే రిజల్యూషన్ వస్తుంది, వీఆర్ఆర్ (టీవీ రిఫ్రెష్ వేగం ఫ్రేమ్‌రేటుని అనుసరించే వసతి) మాత్రం అడాప్టర్ చిప్‌ని బట్టి ఉంటుంది.

స్ప్రైట్_64

అయితే ఎస్ఎస్‌డీయే. డీరామ్ (డ్రైవ్ లోపలి సొంత క్యాష్ మెమరీ) లేని డ్రైవ్ చవగ్గా కనిపిస్తోంది, పీఎస్5లో పనికొస్తుందా?

స్క్రూడ్రైవర్_1

వస్తుంది. అలాంటి డ్రైవ్‌లు పీసీలో ర్యామ్‌లోంచి కొంచెం అరువు తీసుకుంటాయి, దాన్ని హెచ్‌ఎంబీ అంటారు. పీఎస్5 అది ఇవ్వదు. కానీ కన్సోల్ చేసేది ఎక్కువగా పెద్ద ఫైళ్లు చదవడమే కాబట్టి ఆటలో తేడా తెలియదు. ఒకేసారి వందల జీబీ గేములు దానిమీదికి మార్చేటప్పుడు మాత్రం రాసే వేగం మధ్యలో పడిపోవచ్చు. ఫార్మాట్ అయ్యాక తెరమీద చూపించే చదివే వేగం పెట్టె మీద రాసినదానికన్నా తక్కువే ఉంటుంది, కంగారుపడి వాపసు చేయకండి. 5,500 దాటితే చాలు.